మా వదిన కట్టుకున్న నా ఇల్లు

నా ఇల్లు ఆమె కట్టుకుంది. నలుగురిలో ఈ మాట అంటే నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. మొన్న వాళ్ళాయన ఫోన్ చేసి, మూడు రోజుల జ్వరంతో ఆమె పోయిందనీ, అంతా అయిపోయిందనీ, పదకొండో రోజుకైనా రమ్మనీ చెప్పాడు. అప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది ఆమె ముఖం కాదు, ఆ ఇల్లు. పోయిన మనిషిని తలుచుకోవాల్సిన వేళ నేను మెట్లూ కిటికీలూ తలుచుకున్నాను. ఈ సిగ్గుమాలిన సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త సులువవుతుంది.

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఉన్న టవర్‌లో, తొమ్మిదో అంతస్తు ప్యాంట్రీ ఆమెది. చీర మీద నీలం రంగు యూనిఫాం కోటు, కొంగు కోటు జేబులో దోపి, ఇంకో జేబులో ఎప్పుడూ ఒక అల్లం కొమ్ము. మనిషి బాగా పొట్టి. కప్పులుండే అర అందక, ఖాళీ పాల ట్రే బోర్లించి దాని మీదెక్కి తీసేది. నేను పక్కనుంటే మాత్రం ట్రే జోలికి పోకుండా నా వైపు చూసేది. "నువ్వు తాటిచెట్టు, నేను తంగేడు. పైవన్నీ నీయి, కిందియి నాయి" అనేది. ఆఫీసులో ఎవరి పేర్లూ ఆమెకు పట్టవు, టీని బట్టే మనుషులు. చక్కెర లేని సారు, అల్లం మేడం, సగం కప్పు సారు. ఈ సగం కప్పాయన మా మేనేజరు. ఏ టీ ఇచ్చినా సగం వదిలేస్తాడు. ఆయన చేసే పని కూడా అంతేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది.

మా అంతస్తులో మీట నొక్కితే టీ ఇచ్చే మిషను ఉంది. అందులోంచి వచ్చేదాన్ని ఆమె టీ అనేది కాదు, "గోరువెచ్చని నీళ్ళు" అనేది. మూలన ఒక కరెంటు పొయ్యి పెట్టుకుని, తనకు నచ్చిన నలుగురైదుగురికి అసలు పాలతో అసలు టీ కాచేది. ఆ నలుగురిలో చేరాలంటే పాలకు కాపలా కాయాలి. పాలు పొయ్యి మీద పెట్టి, "జర పాలు చూడు" అని చెప్పి ట్రే పట్టుకుని మీటింగు గదిలోకి వెళ్ళిపోయేది. పాలు పొంగి పొయ్యి పాడైతే సూపర్‌వైజరు దాన్ని పీకించేస్తాడు. అందుకని నాకు దగ్గరుండి నేర్పింది. పాలు ముందు అంచుల దగ్గర వణుకుతాయి, తర్వాత నడిమిట్ల ఉబ్బుతాయి, ఉబ్బంగనే బంద్ చెయ్యాలె, ఆలోచించొద్దు, చెయ్యే పోవాలె. ఏడేళ్ళలో నా కాపలాలో ఒక్క చుక్క పొంగలేదు. ఆఫీసులో ఒక్క తప్పూ దొర్లకుండా నేను చేసిన పని అదొక్కటే.

మొదట్లో నన్ను మేడం అనేది. ఒకసారి పెద్ద వాన పడి క్యాబులు దొరక్క గేటు దగ్గర నిలబడిపోతే, వాళ్ళాయన షేరాటోలో నన్ను మదీనాగూడ దాకా దింపాడు. దిగుతూ అలవాటుగా "థాంక్స్ అన్నా" అన్నాను. మర్నాడు ప్యాంట్రీలోకి అడుగుపెట్టగానే ఆమె నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"మా ఆయనను అన్నా అంటివంట గదా. ఆయనకు అక్కచెల్లెండ్లు లేరు. ఇగ నువ్వే నాకు ఆడబిడ్డవు. మేడం గీడం బంద్."

ఆ రోజు నుంచి నేను ఆమెకు వదినను, ఆమె నాకు వదిన. అందరూ వినేట్టే పిలిచేది. సగం కప్పు సారు ఎదురుగా కూడా. నాకు మొదట కాస్త ఇబ్బందిగా అనిపించింది, తర్వాత అలవాటైంది. ఆ తర్వాత మా సొంత బంధువుల్లో ఎవరు వదినా అని పిలిచినా నాకు ఆ ప్యాంట్రీయే గుర్తొచ్చేది.

ఇక ఇల్లు సంగతి. మేం ఉండేది మదీనాగూడలో హైవే పక్క ఫ్లాట్‌లో. లారీల మోత మాకు వినబడటం మానేసి చాలా కాలమైంది. వంటింటి కిటికీ తీస్తే ఎదురింటి వంటింటి కిటికీ. వాళ్ళ కుక్కరు విజిలేస్తే మాదనుకుని నేను మా స్టవ్ కట్టేసిన రోజులున్నాయి. ఊరికి దూరంగా సొంత ఇల్లు కట్టుకోవాలని మా ఆయనా నేనూ పెళ్ళైన కొత్తలోనే అనుకున్నాం, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాం. ఆదివారం వస్తే ప్లాట్లు చూడటానికి పోవడం మాకు సినిమాకి పోవడం లాంటిది. నార్సింగి ఇంకా ఊరుగా ఉన్నప్పుడు చూశాం, దూరమన్నాను. అది దగ్గరయ్యాక ఇంకా అవతల చూశాం, మా ఆయన వీధిపోటు అన్నాడు. ఆయన గవర్నమెంటు ఉద్యోగి, ఏ ఫైలునూ ఊరికే ముందుకు పంపడు. మేం చూసినన్ని జాగాలు బ్రోకర్లు కూడా చూసి ఉండరు.

కొనలేని ఇంటిని మాటల్లోనే కట్టుకునేదాన్ని. పాలు కాగేలోపు ఆమెకు రోజూ కొంత చెప్పేదాన్ని. ముందు వాకిట్లో ఒకే ఒక మెట్టు, కానీ ఇద్దరు పక్కపక్కన కూర్చుని టీ తాగేంత వెడల్పు. వంటింటి వెనక గుమ్మం, అది దాటగానే కరివేపాకు చెట్టు. వంటింట్లో గట్టుకు పైన కిటికీ. కిటికీ కిందికి ఉంటే గాలి మంటకు తగులుతుంది కాబట్టి ఇక్కడినుంచి మొదలవ్వాలని నా గుండెల దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించేదాన్ని. వండుతూ తలెత్తితే గేటు తీసుకుని వచ్చేవాళ్ళు కనబడాలి. ఒకసారి చిన్న మీటింగు గదిలో బోర్డు మీద మార్కరుతో మొత్తం గీసి చూపించాను. బోర్డులు తుడవడం కూడా ఆమె పనే. అన్ని గదుల్లో బోర్డులూ తుడిచింది గానీ నా ఇంటిని మూడు రోజులు ఉంచేసింది.

ఆమె మాత్రం అడిగిందే అడిగేది. మెట్టు ఎన్ని జానలు? వెనక దర్వాజ ఎటు తెరుచుకోవాలె? కిటికీ ఇంకోసారి చూపియ్యి. నేను చెయ్యి పెట్టి చూపిస్తే, దగ్గరికొచ్చి తన నెత్తి ఎక్కడికొస్తుందో చూసుకుని, "గంతెత్తా" అనేది. నా మనసు నొప్పించకూడదని వింటోందనుకున్నాను. ఆమెకున్న ఒక్క గది కిరాయిది, టవర్ల వెనక పాత ఊళ్ళో. అట్లాంటి మనిషి దగ్గర ఇంటి కబుర్లు చెబుతున్నానే అని ఒక్కోసారి నాకే జాలేసేది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఒక శనివారం పొద్దున మా ఫ్లాటు బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆమె, పట్టుచీరలో. వెనక వాళ్ళాయన, చేతిలో సంచి. లోపలికి రాకుండా గుమ్మంలోనే నాకు బొట్టు పెట్టి, చేతిలో పసుపు, కుంకుమ, చీర, తమలపాకులు పెట్టింది. కిరాయి గది యజమాని అక్కడ హాస్టలు కడుతున్నాడట, ఖాళీ చెయ్యమన్నాడట. ఎప్పుడో కొనిపెట్టుకున్న చిన్న జాగా శంకర్‌పల్లి దాటినాక ఉందట. అందులో రెండర్రల ఇల్లు వేసుకున్నారట. ఎనిమిది నెలలుగా కడుతున్నారు. నాకు ఎనిమిది నెలలుగా టీ ఇస్తోంది, ఒక్క మాట చెప్పలేదు.

"పాలు ఆడబిడ్డే పొంగియ్యాలె. నాకున్నది నువ్వొక్కదానివే. నువ్వు రాకుంటె పాలే పెట్టను" అంది.

అలా వచ్చి పిలిస్తే ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లాలి. నాకు మాత్రం శంకర్‌పల్లి దాటాక అన్న మాట దగ్గరే చెవులు ఆగిపోయాయి. వాళ్ళు వెళ్ళాక మా ఆయనతో, అంత దూరం ఎవరు పోతారండీ, నీళ్ళుంటాయో లేదో అన్నాను. ఆయన, ఏ ముఖం ఇల్లో కనుక్కున్నావా అన్నాడు. ఆ ఒక్క విషయంలో మా దాంపత్యం ఎప్పుడూ అన్యోన్యమే.

గృహప్రవేశానికి వెళ్ళాం. ఔటర్ రింగ్ రోడ్డు దిగి, పత్తి చేల పక్కనుంచి, మట్టిరోడ్డు మీద. కారు ఆగింది. నేను దిగలేదు. ఎదురుగా వాకిట్లో ఒకే ఒక మెట్టు ఉంది, ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత వెడల్పు. మా ఆయన దిగవేం అని అడుగుతున్నాడు. నేను మెట్టునే చూస్తున్నాను. లోపలికి వెళ్ళాను. రెండు గదులు, వంటిల్లు, వంటింటికి వెనక దర్వాజ, అది దాటగానే అప్పుడే నాటిన కరివేపాకు మొక్క, చుట్టూ ఇటుకలు. గట్టు పైన కిటికీ. పోయి దాని ముందు నిలబడ్డాను. అంచు సరిగ్గా నా గుండెల దగ్గరికి వచ్చింది. గేటు కనిపించింది. బోర్డు మీద నేను గీసింది గీసినట్టు సిమెంటులో పోసి ఉంది.

ఆమె నా వెనక నిలబడి, "ఎట్లున్నది వదినా?" అంది. ఆ గొంతులో నిజంగా ఒక భయం ఉంది, పరీక్ష రాసిన పిల్లకుండే భయం. బాగుంది అన్నాను. ఒక్క మాట. నేను ఇరవై ఏళ్ళు కలగన్నది ఈమె ఎనిమిది నెలల్లో కట్టేసింది, అది కూడా నన్నే అడిగి అడిగి. నా కడుపు ఎంత మండిందంటే ఆ మంట మీదే పాలు పెట్టొచ్చు.

కొత్త పొయ్యి మీద కొత్త గిన్నె. బంధువులంతా వంటింటి దర్వాజ దగ్గర మూగారు. నాతో పొయ్యి వెలిగించి, పాలు పోయించి, పక్కన నిలబెట్టారు. అందరూ గిన్నెలోకే చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. పాలు అంచుల దగ్గర వణికాయి. నడిమిట్ల ఉబ్బాయి. నా చెయ్యి పోయి స్టవ్ కట్టేసింది.

పాలు కూలిపోయి గిన్నెలోకి దిగిపోయాయి. ఒక ముసలావిడ అయ్యో అంది. నేను నా చేతి వైపు చూశాను. అప్పుడు ఆమె నవ్వింది. ఎప్పటిలా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా. "ఆఫీసు అలవాటు. నేనే నేర్పిన. ఏడేండ్లు ఒక్క చుక్క పొంగనియ్యలే మా వదిన" అని వాళ్ళందరికీ చెప్పి, తనే పొయ్యి మళ్ళీ వెలిగించి, నా చెయ్యి తన చేత్తో పట్టుకుంది. రెండోసారి పాలు పొంగి తూర్పు వైపుకే కారాయి. అందరూ తేలికపడ్డారు. ఆమె నా చెయ్యి వదిలే ముందు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది.

అలవాటే అని నేనూ అన్నాను. కారులో మా ఆయనతో అన్నాను, మర్నాడు ఆఫీసులో కథలా చెప్పి అందర్నీ నవ్వించాను. కానీ చెయ్యి నాది కదా, దానికీ నాకూ తెలుసు. ఏడేళ్ళ అలవాటు ఎంత, ఆ మంట ఎంత అనేది మాత్రం నేను తేల్చుకోలేకపోయాను. శుభమా అని పిలిస్తే పోయి పొయ్యి ఆర్పి వచ్చిన ఆడబిడ్డను నేను.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె అక్కడినుంచే పనికి వచ్చింది. తెల్లారకముందే బస్సు, తర్వాత షేరాటో. టీ ఇస్తూ ఇంటి కబుర్లు చెప్పేది. ఇప్పుడు అడిగేది నేను. నీళ్ళు వస్తున్నాయా? వస్తున్నయి. కరెంటు పోతోందా? పోతది, వస్తది. పాములుంటాయటగా? "ఉంటయి. వాటి తొవ్వల అవి పోతయి." ఏ ప్రశ్నకూ నాకు కావలసిన జవాబు దొరికేది కాదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అదెలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె ముఖం నున్నబడింది. పాత గదిలో ఉన్నన్నాళ్ళూ వదలని దగ్గు పోయింది. బస్సూ ఆటో మారి వచ్చిన మనిషి నాకంటే తాజాగా ఉండేది.

చివరికి పని మానేసింది. ఇంటి దగ్గరే వచ్చేపోయే వాళ్ళకు టీ కాచి అమ్ముతోందని తెలిసింది. రోజూ ఫోన్‌లో ఒక ఫొటో పంపేది. కరివేపాకు మొక్కకు కొత్త చిగురు. గేటు మీద పిట్ట. వాన పడ్డాక తడిసిన మెట్టు. నేను ప్రతి ఫొటోనూ వేళ్ళతో పెద్దది చేసి, ఎక్కడైనా గోడ బీటలిచ్చిందేమోనని వెతికేదాన్ని. వెతికాక ఏ జవాబూ ఇచ్చేదాన్ని కాదు. శనివారం సాయంత్రం మాత్రం గొంతు రికార్డు చేసి పంపేది. "వదినా, రేపు వస్తవా? మెట్టు ఖాళీగనే ఉన్నది." ఆఫీసులో రిలీజు పని ఉందనేదాన్ని, ట్రాఫిక్ అనేదాన్ని, మా ఆయనకు ఒంట్లో బాలేదనేదాన్ని. కుళ్ళుకు నేను పెట్టిన పేర్లవి. ఆమె ఏనాడూ నిలదీయలేదు. "పని చూస్కో, ఫికర్ జెయ్యకు" అనేది. మూడేళ్ళు అలా అడుగుతూనే ఉంది, నేను అలా అబద్ధాలాడుతూనే ఉన్నాను.

పదకొండో రోజున వెళ్ళాను. మట్టిరోడ్డు తారురోడ్డయింది, పత్తి చేల్లో రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. వాకిట్లో షామియానా వేశారు, జనం భోజనాలు చేస్తున్నారు. మెట్టు మీద ఆమె ఫొటో, దండ. ఫొటో ఒక పక్కకు పెట్టి ఉంది, రెండో పక్క ఖాళీ. ఎవరో చూసుకోకుండా పెట్టి ఉంటారు. నాకు మాత్రం అటు చూడటానికి ధైర్యం చాలలేదు.

చేతులు కడుక్కోవాలని వంటింట్లోకి వెళ్ళాను. కరివేపాకు చెట్టు వెనక దర్వాజ ఎత్తు దాటిపోయింది. గట్టు ముందు, కిటికీ కింద, నేల మీద ఒక చెక్క పీట ఉంది. పాతది. మధ్యలో రెండు పాదాల మేర రంగు పోయి నున్నగా అరిగిపోయింది.

వాళ్ళాయన నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చాడు. చిక్కిపోయాడు. పీట వంక చూస్తున్న నన్ను చూసి తనే చెప్పాడు.

"మేస్త్రి మస్తు కొట్లాడిండు చెల్లె. అమ్మా నువ్వు పొట్టిదానివి, కిటికీ కిందికి పెడ్త అన్నడు. ఇననే ఇనలే. మా వదిన చెయ్యి గీడికి పెట్టి చూపిచ్చింది, గీడికే పెట్టాలె అన్నది. ఇగ రోజూ పీటెక్కి చూసుడే. గేటు చప్పుడైతె ఎక్కుడు, దిగుడు."

గేటు చప్పుడైతే ఎవరి కోసం ఎక్కేదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. మూడేళ్ళుగా నా గొంతులో ఉన్నది, ఆమెను అడగలేక దాటేసినది. ఆ రోజు నేను పాలు ఆపేశాను కదా అన్నా, వదిన ఏమైనా అనుకుందా అన్నాను.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. దుఃఖంలోనే నవ్వొచ్చింది ఆయనకు.

"అందరు పోయినంక నేను గూడ అడిగిన. నిజంగ అలవాటేనా అని. అలవాటు గాదు ఏం గాదు, కుళ్ళుకున్నది అన్నది. తన ఇల్లు నేను కట్టుకుంటె కుళ్ళుకోదా మరి, నేనైతె ఆ గిన్నెనే తంతుంటి అన్నది. వస్తది తియ్యి, తన ఇంటికి తను రాకుంట యాడికి పోతది అన్నది."

బయట ఎవరో పిలిస్తే ఆయన వెళ్ళాడు. నేను వంటింట్లో ఒక్కదాన్నే మిగిలాను. ఏడుపొచ్చింది. అందులో ఆమె పోయిన బాధ ఉంది, నా సిగ్గు ఉంది. ఇంకా కుళ్ళూ ఉంది, దాచి లాభం లేదు. నేను ఆమెను క్షమించాలా వద్దా అని మూడేళ్ళు తర్కించుకుంటూ కూర్చుంటే, ఆమె మొదటి రోజే నన్ను క్షమించేసి, నవ్వుకుని, టీ కాచుకుంటూ కూర్చుంది. ఇల్లు కట్టడంలోనే కాదు, ఇందులో కూడా నాకంటే ముందే ఉంది.

వంగి పీటను రెండు చేతులతో ఎత్తి గోడ పక్కన పెట్టాను. అది ఉన్న చోట నిలబడ్డాను. తలెత్తితే గేటు కనిపించింది, దాన్ని తీసుకుని లోపలికి వస్తున్న మనుషులు కనిపించారు. కిటికీ నాకు సరిగ్గా సరిపోయింది.